కవాటము నిర్మించిన కథకుడు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములయందు పుట్టి పెరిగినవారికి నీటి నడక క్రొత్త విషయము కాదు. ప్రకాశము బ్యారేజి నుండి బయలుదేరిన కాలువలు పొలములను తడుపును. పొలములనుండి దిగిన నీరు మురుగు కాలువలలో చేరి సముద్రమువైపు సాగును. తీరమునకు సమీపమున ఆ మురుగు కాలువలపై తూములు కట్టి, వానికి ఒకవైపునకు మాత్రమే తెరచుకొను తలుపులు అమర్చుదురు. ఆటు సమయమున లోపలి నీటి ఒత్తిడికి తలుపు తెరచుకొనును. పోటు సమయమున సముద్రపు నీటి ఒత్తిడికి అదియే మూసికొనును. తలుపు పాడైనచో ఉప్పునీరు పొలములలోనికి చొచ్చును. తూము పూడినచో చేలు మునుగును.

ఇట్టి తలుపునే మిక్కిలి చిన్నదిగా చేసి పసిబిడ్డల తలలోని నీటిని నడపుటకు అమర్చవలసివచ్చినచో ఆ పని యెంత కష్టమో ఊహింపవచ్చును. ఆ పనికి పూనుకొన్న ముగ్గురిలో ఒకడు శస్త్రవైద్యుడు, ఒకడు యంత్రనిపుణుడు, మూడవవాడు కథలు వ్రాయు రచయిత. ఆ రచయిత పేరు రోల్డ్ డాల్.

రోల్డ్ డాల్ 1916వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన వేల్స్ దేశమున, కార్డిఫ్ నగరమునకు చేరిన లాండాఫ్ అను చోట జన్మించెను. ఆయన తల్లిదండ్రులు నార్వే దేశీయులు. తండ్రి హెరాల్డ్ చిన్ననాడే ఎడమచేయి కోల్పోయినను, ఒంటిచేతితోనే సమస్త కార్యములను చక్కబెట్టుకొనుచు, కార్డిఫ్ రేవున ఓడల వ్యాపారమువలన ధనము గడించెను. 1920వ సంవత్సరమున ఆ యింట కష్టము ప్రవేశించెను. ఏడేండ్ల ప్రాయముగల కుమార్తె కడుపులోని వ్యాధిచే మరణించెను. కొన్ని వారములకే తండ్రియు కన్నుమూసెను. అప్పటికి రోల్డ్ వయస్సు మూడేండ్లు. తల్లి సోఫీ ధైర్యము వీడక, స్వదేశమునకు మరలిపోక, భర్త కోరిన ప్రకారము పిల్లలకు ఇంగ్లండు బడులలోనే చదువు చెప్పించెను. రాత్రులయందు ఆమె చెప్పిన నార్వే కథలు ఆ బాలుని మనస్సునకు తొలి పాఠములయ్యెను.

ఆనాటి ఆంగ్ల పాఠశాలలలో బెత్తము స్వేచ్ఛగా ఆడుచుండెడిది. రోల్డ్ ఆ దెబ్బలను జీవితాంతము మరువలేదు. రెప్టన్ అను చోట చదువుచుండగా ఒక మిఠాయి కర్మాగారమువారు తమ క్రొత్త చాక్లెట్లను రుచిచూచి అభిప్రాయము తెలుపుడని విద్యార్థులకు పంపుచుండిరి. ఆ పెట్టెలు చూచిన బాలుడు, అట్టి వింత తినుబండారములను కల్పించు గదు లెట్లుండునోయని ఊహించుచుండెడివాడు. ఆ ఊహయే పిమ్మట ఒక ప్రసిద్ధ గ్రంథమునకు బీజమయ్యెను.

చదువు ముగిసిన పిదప ఆయన 1934లో షెల్ నూనె కంపెనీలో ఉద్యోగమున చేరి, 1938లో తూర్పు ఆఫ్రికాలోని దారెస్సలాం పట్టణమునకు వెళ్ళెను. మరుసటి యేడు రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. డాల్ వైమానిక దళమున చేరెను. 1940 సెప్టెంబరులో ఈజిప్టు పశ్చిమపు టెడారిపై ఎగురుచుండగా ఇంధనము తరిగి, చీకటి కమ్ముచుండుటచే విమానమును ఇసుకలో దింపబోయెను. విమానము నేలను ఢీకొని మంటలపాలయ్యెను. ఆయన ఎట్లో బయటపడెను గాని పుఱ్ఱె చిట్లినది. కొన్ని వారములపాటు కన్నులు కనిపింపలేదు. తలకు తగిలిన గాయమన నేమో ఆయనకు స్వానుభవమున తెలిసినది. కోలుకొని మరుసటి యేడు గ్రీసు దేశమున యుద్ధ విమానములు నడపెను. తీవ్రమైన తలనొప్పులు బాధించుటచే ఆ పని మానుకొనవలసివచ్చెను. 1942లో అమెరికా రాజధానియైన వాషింగ్టన్‌లో ఉద్యోగముననుండగా ఆయన రచనలు పత్రికలకెక్క నారంభించినవి.

1953లో డాల్ ప్రసిద్ధ అమెరికా నటి పెట్రీషియా నీల్‌ను వివాహమాడెను. ఒలీవియా, టెస్సా అను కుమార్తెల తరువాత 1960లో కుమారుడు థియో జన్మించెను. ఇంగ్లండులోని గ్రేట్ మిసెండెన్ గ్రామమున తోట నడుమ చిన్న గుడిసె కట్టుకొని అందు కూర్చుండి ఆయన కథలు వ్రాయుచుండెను. కొంతకాలము న్యూయార్కు నగరమునను ఆ కుటుంబము నివసించుచుండెడిది.

1960వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, నాలుగు నెలల థియోను చిన్న బండిలో పరుండబెట్టి న్యూయార్కు వీధి దాటించుచుండగా ఒక టాక్సీ వచ్చి ఆ బండిని ఢీకొట్టెను. బండి ఎగిరి ఒక బస్సు ప్రక్కను తాకెను. బిడ్డ తలకు దారుణమైన గాయములయ్యెను. ప్రాణము నిలుచునన్న ఆశ మొదట లేకుండెను. ప్రాణము నిలిచినది గాని మరియొక యాపద పొంచియుండెను. గాయము మానుచుండగా బిడ్డ తలలో నీరు చేర నారంభించెను. దీనినే వైద్యులు హైడ్రోకెఫలస్ అందురు.

మన మెదడులో నాలుగు చిన్న గదులు కలవు. వానియందు నీటివలె తేటయైన ద్రవము నిరంతరము ఊరుచుండును. పెద్దవారి దేహమున ఒక దినమున ఊరు ద్రవము సుమారు అర లీటరు. కాని ఏ క్షణమునందు చూచినను మెదడు, వెన్నుపాముల చుట్టు నుండునది 150 మిల్లీలీటర్లు మాత్రమే. అనగా ఊరినది ఊరినట్లు రక్తమున కలిసిపోవుచు, దినమునకు మూడుసార్లు క్రొత్త ద్రవము పాతదాని స్థానమును ఆక్రమించుచుండును. పుట్టుకతో కలిగిన లోపమువలనగాని, రోగమువలనగాని, గాయమై నెత్తురు గడ్డకట్టుటవలనగాని ఆ మార్గము మూతపడినచో, ఊరుట ఆగదు, పోవుట ఆగును. గదులు ఉబ్బి మెదడును పుఱ్ఱెకేసి నొక్కును. పుఱ్ఱె యెముకలు ఇంకను అతుకుకొనని పసిబిడ్డలయందు తలయే పెరుగుచుపోవును. చూపు మందగించును, మెదడు చెడును, తుదకు ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

పూర్వకాలమున ఈ వ్యాధికి నమ్మదగిన చికిత్స లేకుండెను. ద్రవమును సన్నని గొట్టము ద్వారా మెదడునుండి మరియొక చోటికి మళ్ళించుటయే ఉపాయము. దీనినే షంటు అందురు. కాని ఒట్టి గొట్టము చాలదు. గుండెవైపు పంపిన గొట్టములోనికి నెత్తురు ఎదురెక్కరాదు. ద్రవము ఒక్కుమ్మడిగా జారిపోరాదు. అందువలన నడుమ ఒక కవాటము కావలెను. 1949లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నల్సెన్, స్పిట్జ్ అను వైద్యులు కవాటముగల షంటును వాడిచూచిరి. 1956లో జాన్ హోల్టర్ అను యంత్రకారుడు, ఇదే వ్యాధితో పుట్టిన తన కుమారుని కొరకు, సిలికోను రబ్బరుతో మేలైన కవాటమును రూపొందించెను. స్పిట్జ్ వైద్యుడు దానిని వాడుకలోనికి తెచ్చెను. హోల్టరు కుమారుడు దీర్ఘకాలము జీవింపలేదు గాని, ఆ తండ్రి చేసిన కవాటము వేలకొలది పిల్లలను బ్రతికించెను.

థియోకును షంటు అమర్చిరి. తల్లిదండ్రులు నిశ్చింతగా ఊపిరి పీల్చుకొనిరి. కాని ఆ నిశ్చింత నిలువలేదు. కొన్నాళ్ళకు బిడ్డ మందకొడిగా మారెను, చూపు తగ్గెను. పరీక్షింపగా గొట్టము పూడియుండెను. మరల శస్త్రచికిత్స చేసి క్రొత్తది అమర్చిరి. అదియు పూడెను. ఇట్లు పలుమార్లు జరిగినది. ప్రతిసారియు పసివాని తల తెరువవలసివచ్చుచుండెను. ప్రతిసారియు చూపు తిరిగివచ్చునో రాదోయను భయము ఇంటిల్లపాదిని వేధించుచుండెను. బిడ్డ కొంచెము ఎక్కువసేపు నిద్రించినను తల్లిదండ్రులకు గుండె దడ పుట్టుచుండెను.

మన కాలువలు ప్రతి వేసవిలో కట్టివేసి పూడిక తీయుదురు; గుఱ్ఱపుడెక్కను లాగివేయుదురు. తలలోని గొట్టమునకు అట్టి వేసవి సెలవు లేదు. ద్రవము రాత్రింబవళ్ళు ఊరుచునే యుండును. అందుచే పూడిక తీయుటకంటె పూడని కవాటమును కనుగొనుటయే మార్గమని డాల్ భావించెను.

1961లో ఆ కుటుంబము ఇంగ్లండునకు తిరిగివచ్చెను. లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో కెన్నెత్ టిల్ అను మెదడు శస్త్రవైద్యుడు థియోను చూడసాగెను. ఆయన వలన డాల్ ఒక సంగతి గ్రహించెను. నాటి కవాటములో ద్రవము సన్నని చీలికగుండా పోవలసియుండెను. మెదడున నెత్తురు కారిన పిల్లలలో ఆ నెత్తుటి తునుకలు, మడ్డి వచ్చి చీలికలో ఇరుకుకొనుచుండెను. థియో వంటివారికి షంటు త్వరగా పూడుటకు ఇదియొక ముఖ్య కారణము.

డాల్‌కు బొమ్మ విమానము లెగురవేయుట సరదా. ఆ సరదావలన ఆయనకు స్టాన్లీ వేడ్ అను యంత్రనిపుణునితో పరిచయము కలిగియుండెను. బొమ్మ విమానముల యంత్రములకు ఇంధనము నందించు చిట్టి పంపులు చేయుటలో వేడ్ నేర్పరి. వేళ్ళసందున ఇమిడెడి పంపులోనికి మడ్డి చేరకుండ, ద్రవము వెనుకకు మరలకుండ చూచుటయే ఆయన నిత్యవృత్తి. పిల్లల తలలోని సమస్యయు స్వభావమున అట్టిదే యని డాల్ గుర్తించెను. ఇద్దరిని కలిపి, వైద్యుని అవసరములు యంత్రకారునికిని, యంత్రకారుని సందేహములు వైద్యునికిని చేరవేయుచు, పని ఆగిపోకుండ వెంటబడి నడిపించెను. నమూనా నిర్మించినది వేడ్. దేహమునకు ఏమి సరిపడునో తెలిపినది టిల్. ఆ ఇద్దరి విద్యలను ఒకచోట చేర్చినది డాల్.

వారు రూపొందించిన కవాటము చూచుటకు అతి సామాన్యము. సిలికోను గొట్టపు చివరలయందు రెండు చిన్న లోహపు గూళ్ళు. ఒక్కొక్క గూటిలో కదలాడు ఒక లోహపు బిళ్ళ. మెదడువైపునుండి ద్రవము నెట్టినపుడు బిళ్ళ తొలగి దారి యిచ్చును. ఎదురునుండి నెట్టినపుడు బిళ్ళ గొట్టపు నోటికి అదుముకొని దారి మూయును. మన సముద్రతీరపు తూము తలుపు చేయు పనియే అది చేయును. చీలిక లేదు గనుక మడ్డి ఇరుకుకొను అవకాశము తగ్గినది. 1962లో ఆ కవాటమును తొలిసారి ఒక బిడ్డకు అమర్చిరి. 1964లో టిల్ దానిని గూర్చి లాన్సెట్ అను వైద్య పత్రికలో వివరించెను. మువ్వురి పేరులను కలిపి దానిని వేడ్-డాల్-టిల్ కవాటమని పిలిచిరి. దానివలన లాభము స్వీకరింపరాదని ఆ మువ్వురును నిశ్చయించుకొనుటచే, అది తక్కువ ధరకే ఆసుపత్రులకు చేరెను. వివిధ దేశములలో సుమారు రెండు మూడు వేలమంది పిల్లలకు దానిని వాడిరి.

ఇందొక విశేషము కలదు. కవాటము సిద్ధమగునప్పటికి థియోకు దాని అవసరము తీరిపోయెను. అతని తలలోని ద్రవము సహజమార్గమునే పోవుటకు అలవడి, బాలుడు షంటు లేకుండగనే కోలుకొనెను. తన బిడ్డ గండము గడచినదని తండ్రి పని మానుకొనలేదు. ముఖమైనను చూడని ఇతరుల బిడ్డల కొరకు దానిని తుదముట్టించెను.

ఆ 1962వ సంవత్సరమే ఆయనకు తీరని దుఃఖమును తెచ్చెను. పెద్ద కుమార్తె ఒలీవియా ఏడేండ్ల ప్రాయమున, మనవారు తట్టు లేక పొంగు అని పిలుచు వ్యాధి సోకి, అది మెదడువాపుగా పరిణమించి నవంబరు 17న మరణించెను. అప్పటికి ఆ వ్యాధికి టీకా వాడుకలోనికి రాలేదు. తాను చేయగలిగినది ఏదియు లేకపోయెనని ఆ తండ్రి ఎంతయో కుమిలిపోయెను. టీకా లభించిన పిమ్మట, 1980ల దశకమున, పిల్లలకు తప్పక టీకా వేయింపుడని తల్లిదండ్రులకు విజ్ఞప్తి వ్రాసి ప్రకటించెను. 1982లో వెలువడిన తన ప్రసిద్ధ రాక్షసుని కథను ఒలీవియాకు అంకితమిచ్చెను.

1965లో మూడవ దెబ్బ తగిలెను. గర్భవతియైన భార్య పెట్రీషియాకు మెదడులోని రక్తనాళములు చిట్లి మాట పోయెను, కుడిప్రక్క చచ్చుబడెను. డాల్ ఇరుగుపొరుగువారిని సమకూర్చి, వంతులవారీగా ఆమెకు దినమునకు కొన్ని గంటలపాటు మాటలు, చదువు, లెక్కలు మరల నేర్పించెను. ఆ పట్టుదల కొందరికి కఠినముగ తోచినది. కాని ఆమె అదే సంవత్సరమున ఆరోగ్యవతియైన కుమార్తెను ప్రసవించి, 1968 నాటికి తిరిగి చలనచిత్రమున నటించెను.

ఈ కష్టములన్నిటి నడుమ ఆయన కలము ఆగలేదు. పెద్ద పీచుపండులో ప్రయాణించు బాలుని కథ 1961లోను, చాక్లెట్ కర్మాగారపు కథ 1964లోను వెలువడెను. ఈ రెండవదానిని థియోకు అంకితమిచ్చెను. 1988లో మటిల్డా అను బాలిక కథ వెలువడెను. దుర్బలులైన పిల్లలు తెలివితో బలవంతుల నెదిరించుట ఆ కథల సారము. ఆయన నడవడి లోపరహితము కాదు. మాట కరకు. యూదులను గూర్చి ఆయన చేసిన నిందలు పెక్కుర మనస్సులను నొప్పించినవి. అందులకు 2020లో ఆయన కుటుంబమువారు క్షమాపణ తెలిపిరి. 1990 నవంబరు 23న ఆయన రక్తసంబంధమైన వ్యాధిచే ఆక్స్‌ఫర్డు నగరమున మరణించెను. గ్రేట్ మిసెండెన్ గ్రామపు చర్చి ఆవరణమున ఆయన సమాధి కలదు.

తరువాతి కాలమున మరింత మేలైన కవాటములు వచ్చి వేడ్-డాల్-టిల్ కవాటపు స్థానమును ఆక్రమించినవి. నేడు ద్రవమును సాధారణముగా గుండెకుగాక, చర్మము క్రిందుగా గొట్టము నడపి, ఉదరకుహరములోనికి వదలుచున్నారు. కొందరికి గొట్టమే లేకుండ, మెదడులోని గదికి చిన్న రంధ్రము చేసి దారి కల్పించు పద్ధతియు కలదు. మన దేశముననే, ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారగు ఛాబ్రా షంటు తక్కువ ధరకు లభించును. 2005లో ప్రకటింపబడిన ఉగాండా దేశపు పరిశీలనలో, ఒక సంవత్సరము గడచిన పిదప, అది విదేశీయమైన ఖరీదుగల షంటుతో సమానముగ పనిచేసినట్లు తేలెను.

అయినను పూడని షంటు నేటికిని కనుగొనబడలేదు. పిల్లలకు అమర్చిన షంట్లలో 100కి సుమారు 30 నుండి 40 వరకు మొదటి సంవత్సరముననే చెడుచున్నవి. రెండేండ్లు గడచునప్పటికి సుమారు సగము చెడుచున్నవి. తరువాత ఆ వేగము తగ్గును. కొన్ని షంట్లు ఇరువది యేండ్లకు పైబడి పనిచేయుటయు కలదు. మెదడులోని సన్నని పొరలు గొట్టపు రంధ్రములలో చొచ్చుకొనుట, సూక్ష్మక్రిములు చేరుట, బిడ్డ ఎదుగుకొలది గొట్టము పొట్టియగుట లేక తెగుట ఇందుకు కారణములు. కావున షంటు అమర్చుటతో చికిత్స ముగియదు. ఆ బిడ్డ జీవితాంతము వైద్యుని కంట నుండవలెను.

షంటు కలిగిన బాలుడో బాలికయో మన తరగతిలోనే ఉండవచ్చును. వారు అందరివలె చదువుదురు, ఆడుదురు. అట్టివారికి విడువని తలనొప్పి, వాంతులు, మితిమీరిన మగత, చూపు మసకబారుట కలిగినచో అది అజీర్ణమనియో, ఎండదెబ్బ యనియో ఉపేక్షింపరాదు. గొట్టము పూడినపుడు గంటలు కూడ విలువైనవే. దివిసీమ చివరనున్న పల్లెనుండియైనను వెంటనే బయలుదేరి, మెదడు శస్త్రవైద్యులున్న గుంటూరు, విజయవాడల పెద్ద ఆసుపత్రులకు చేరవలెను. ఈ సంగతి తెలిసిన తోటి విద్యార్థి యొక్కడు ఉపాధ్యాయునకు సకాలమున చెప్పినను ఒక ప్రాణము నిలుచును.

రోల్డ్ డాల్ వైద్యుడు కాడు, యంత్రనిపుణుడు కాడు. తెలిసినవారిని వెదకి, వినయముతో అడిగి, వారి నొకచోట కూర్చి, పని ముగియువరకు వదలకుండుటయే ఆయన చేసినది. కష్టకాలమున అట్టి పని చేయుటకు గొప్ప చదువుకంటె తెంపు, ఓర్పు ముఖ్యములు.